పొద్దు గూకితే పేరెత్తని సరుకు

మా కోడలు నన్ను కాలుగాలిన పిల్లి అంటుంది. నా ముందు అనదు, పాపం. గుంటూరు పిల్ల, పెద్దంతరం చిన్నంతరం తెలిసింది. ఫోన్లో వాళ్లమ్మతో అంటుంది. "మా అత్తయ్య ఒక్క నిమిషం కుదురుగా కూర్చోరమ్మా, కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతూనే ఉంటారు" అని. ఈ దేశంలో ఇళ్ల గోడలు అట్టముక్కల్లా ఉంటాయి, ఓ గదిలో దగ్గితే ఇంకో గదిలో ఉలిక్కిపడతారు. అంతా వినిపించింది. నాకేం కోపం రాలేదు. ఉన్నమాటేగా.

ఈ వారం మరీ ఎక్కువగా తిరుగుతున్నాను. డునెడిన్‌లో మేముంటున్న ఫ్లాట్ నిండా నిన్నటిదాకా అట్టపెట్టెలే. నా కొడుకు ఆసుపత్రిలో నర్సు. సముద్రం అవతల, ఉత్తరాన ఉన్న దీవిలో, టౌరంగాలో కొత్త ఉద్యోగం దొరికింది. సామాన్ల లారీ నిన్ననే వెళ్లిపోయింది, రేపు పొద్దున మేం కార్లో బయల్దేరతాం. "అక్కడ సొంతిల్లు తీసుకుంటున్నాం. సెటిల్ అయిపోదాం అమ్మా, నువ్వింక కదిలే పనే లేదు" అన్నాడు వాడు, నాకేదో వరమిస్తున్నట్టు. ఆ మాట వాడు ఆక్లండ్‌లో శాండ్రింగ్‌హామ్‌లో ఉన్నప్పుడూ అన్నాడు, ఇక్కడికొచ్చినప్పుడూ అన్నాడు. అప్పుడు నేను నమ్మలేదు కాబట్టి బాధ లేకపోయింది. ఈసారి ఇల్లు కొంటున్నాడు. ఈసారి నిజం.

పక్క ఫ్లాట్లో చదువుకునే మన పిల్లలు వచ్చి ఓదార్చి వెళ్లారు. "ఈ వయసులో షిఫ్టింగ్ అంటే కష్టమే ఆంటీ" అని. పిచ్చి పిల్లలు! ఇల్లు మారడానికి నాకేం కష్టం? నేను పుట్టిందే ఎద్దుల గంటల మధ్య. కదలడానికి కాదు నా భయం. ఇక కదలక్కర్లేదంటే భయం. ఆ భయం ఎలాంటిదో మా జేజికి, అంటే మా నాయనమ్మకు, తెలుసు. ఆమె పోయి ఎన్నో ఏళ్లయింది.

ఆమె గుర్తుకురావడానికి కారణం పోయిన ఆదివారం. డునెడిన్ వదిలే ముందు ఓసారి లోపలి కొండలు చూసొద్దామని కొడుకు కారు తీశాడు. సముద్రం, పచ్చిక, గొర్రెలు దాటి పోగా పోగా భూమి రంగు మారింది. ఎండుగడ్డి కొండలు, పలకలు పలకలుగా లేచిన రాళ్లు, చెట్టన్నది లేదు. "ఎడారిలా ఉంది కదమ్మా" అన్నాడు వాడు. కారు దిగగానే కాలికింద ఏదో చిన్న మొక్క నలిగి వాముకు దగ్గర వాసన ఒకటి గుప్పుమంది. దాని వెనకే ఎండకు కాలిన రాతి వాసన. నాకు కళ్లు తిరిగినంత పనైంది. ఆ రెండు వాసనలూ కలిపి నేను పీల్చింది మా కొండ కనుమలో ఒక్కచోటే.

అక్కడో బోర్డు ఉంది. మనవరాలు గబగబా చదివింది. పూర్వం బంగారం తవ్వుకునేవాళ్ల కోసం ఈ కొండల మీదుగా గుర్రాల వీపున పిండీ, టీ పొడీ మోయించేవాళ్లట. "జేజీ, హార్సెస్ అన్నీ ఒక లైన్‌లో! ట్రెయిన్ లాగా!" అంది.

"మాకు ఎద్దులుండేవి" అన్నాను.

నా కొడుకు తిరిగి చూశాడు. "మనకా? ఎప్పుడు? నాకెప్పుడూ చెప్పలేదేంటమ్మా?"

"నువ్వెప్పుడడిగావురా?"

వాడు అడగలేదు, నేను చెప్పలేదు. బడిపంతులమ్మ కొడుకుగా పెరిగినవాడికి ఎద్దుల గోల దేనికని ఊరుకున్నాను. మనవరాలు మాత్రం ఇంటికొచ్చేదాకా వదల్లేదు. దానికి తెలుగు అర్థమవుతుంది, సమాధానం ఇంగ్లీషులో వస్తుంది. దానికి చెప్పిందే ఇక్కడా చెబుతున్నాను.

*

మమ్మల్ని ఉప్పోళ్లు అనేవాళ్లు. సముద్రం ఒడ్డున మడుల్లో పండిన ఉప్పును ఎద్దుల మీద వేసుకుని, ఇసుక పర్రలు దాటి, కొండ దాటి, అవతల మా ఎండు సీమకు చేర్చేవాళ్లం. ఉప్పు పోసి జొన్నలు తీసుకునేవాళ్లం. బళ్లు ఎక్కలేని దారి అది. ఎద్దు వీపు మీద అటొకటీ ఇటొకటీ వేలాడే జోడు సంచులుంటాయి చూడండి, వాటిని కంట్లం అనేవాళ్లం. కంట్లాలు మోస్తూ ఒకదాని వెనక ఒకటి నడిచే ఎద్దులు, వాటి పక్కన మనుషులు, మనుషుల నెత్తిన కుండలు, చంకన పిల్లలు. అదంతా కలిపి మా బిడారు.

బిడారుకు పెద్ద మా జేజి. అబ్బ, అదే మా తాత, పోయాక మగవాళ్లెవరైనా ముందు నడుస్తారనుకున్నారట. ఆమె చుట్ట వెలిగించుకుని, కర్ర పట్టుకుని ముందు నడిచింది. ఎవరూ అడ్డం చెప్పలేదు. చెప్పినవాణ్ణి ఆమె బతకనిచ్చేది కాదనుకోండి. పొట్టిమనిషి, గొంతు మాత్రం కొండకు తగిలి తిరిగొచ్చేది.

నేను చెప్పబోయే ఏడు అమ్మా నాయనా ఉప్పుమడుల దగ్గరే కూలికి నిలబడిపోయారు, చెల్లెలు చంటిపిల్లని. నేను జేజి వెంట ఉన్నాను. మాతోపాటు మా చిన్నాయన, ఇంకొందరు మా వాళ్లు.

అందరికంటే ముందు నడిచే ఎద్దుకు మెడలో పెద్ద గంట, నుదుటి మీద అద్దం కుట్టిన ఎర్రగుడ్డ. ఏ ఎద్దు ముందు నడిస్తే దాని పేరు పెద్దోడు. మా నాయన జేజికి మొదటి కొడుకే, అయినా ఆమె లెక్కలో రెండోడు. చిన్నాయన మూడోడు. "పెద్దోడు తిన్నాడా?" అని అడిగితే ఎద్దు గురించే. మా చిన్నాయనకు ఇది మంట. "మేం కూడా నీ కడుపున పుట్టినోళ్లమే గదమా" అనేవాడు. "పుట్టినారు సరే, ఏం మోసినార్రా?" అనేది జేజి.

పెద్దోణ్ణి కొట్టకూడదు. వాడి ముందు నుంచి దాటకూడదు. వాడు ఆగితే అందరూ ఆగాలి, కారణం అడక్కూడదు. వాడి వీపు మీద పుండు పడితే జేజి ఆముదంలో పసుపు కలిపి రాసేది, వాడి చెవిలో ఏవేవో ఊసులు చెప్పేది. ఆ ఆముదం, పసుపు, తడి గోనె, ఎద్దు చెమట, చుట్ట పొగ. నా బాల్యం వాసన ఏదంటే ఇదీ. ఇక్కడి అంగళ్లలో సీసాల్లో అమ్మే వాసనలు చూసినప్పుడల్లా నవ్వొస్తుంది.

తిండి కూడా చెప్పాలి. మిట్టమధ్యాహ్నం ఎక్కడ నీడ దొరికితే అక్కడ దిగేవాళ్లం. మూడు రాళ్లు పెట్టి జొన్నసంగటి కెలికేవాళ్లు. ఎండుచేప నిప్పుల మీద వేస్తే చిటపటమని, మైలు దూరంలో కుక్కలన్నీ వచ్చేవి. కాల్చిన ఎర్రగడ్డ (ఉల్లిపాయే), పచ్చిమిరపకాయ, చింతపండు కలిపి రాతిమీదే నూరిన ఊరిబిండి. సంగటి ముద్దలో గుంట చేసి అందులో ఊరిబిండి పెట్టుకుని మింగితే కళ్లమ్మట నీళ్లు. అబ్బ, ఏం రుచి! ఇప్పుడు మా కోడలు ఓవెన్లో ఏదో పెట్టి గంట కొట్టాక తీస్తుంది. బాగానే ఉంటుంది. బాగానే ఉండటం వేరు.

దొంగతనాలూ ఉండేవి. కంట్లం కుట్టు దగ్గర వేలు దూర్చి ఉప్పు కళ్లు లాగి చప్పరించేదాన్ని. పక్క ఎద్దు గంటలో గుడ్డపేలిక కుక్కి, అది మోగక మా వాళ్లు "ఎద్దు తప్పిపోయిందిరో" అని పరిగెత్తుతుంటే చెట్టు చాటున పడీపడీ నవ్వేదాన్ని. దొరికినప్పుడు జేజి చెవి మెలిపెట్టేది. "ఏమ్మే, కాలు ఒక తావున నిలవదా నీకు?" అనేది. అనేది కానీ, నా వైపు చూసే చూపులో ఇష్టం కనపడేది.

*

ఇప్పుడు అసలు సంగతి. పొద్దు గూకాక మా బిడారులో ఉప్పు అనే మాట నోట రాకూడదు.

ఈ పట్టింపు చాలా ఇళ్లలో ఉంది, నాకు తెలుసు. మా కోడలి అమ్మమ్మ రాత్రిపూట 'బుట్టలోది' అనేదట. కానీ మా వాళ్లది ఉప్పు బతుకు. రోజంతా నోట్లో నానే మాట దీపం పెట్టే వేళకు మింగేయాలంటే మాటలా? మేం దాన్ని సరుకు అనేవాళ్లం. "సరుకు తడవకుండా గొంగడి కప్పుర్రా." "సంగటిలో సరుకు తక్కువైంది." అలా.

ఎందుకని నేనడిగితే జేజి చెప్పింది. "దానికి అమ్మ ఉండాది. సముద్రం. మనం పగలంతా ఎండలో దాన్ని ఎత్తకపోతాంటే ఆయమ్మకు కనపడదు, ఎండకు కండ్లు చెదిరి. పొద్దు గూకినంక చెవి పెట్టి ఇంటా ఉంటది. పేరు పెట్టి పిలిస్తివా, నా బిడ్డ ఆడుండాదని ఉరికొస్తది."

"ఎట్లొస్తది జేజీ, ఇంత దూరం?"

"వానై వస్తది."

మా ప్రాణం వానలోనే ఉండేది. కంట్లాలు తడిశాయా, ఏడాది తిండి నీళ్లపాలు. అందుకే మేం నడిచేది నిండు ఎండాకాలంలో, కాకులు కూడా నోరు తెరుచుకుని కూర్చునే రోజుల్లో.

జేజి ఎంత జాగ్రత్తంటే, చీకటి పడితే సామెతలో కూడా ఆ మాట దొర్లనిచ్చేది కాదు. "సరుకు తిన్న ఇంటికి ద్రోహం చెయ్యకూడదు" అనేది. నాకూ చిన్నాయనకూ దీనిమీదే ఆట. పొద్దుగూకేసరికి ఆయన పక్కన చేరి అమాయకంగా అడిగేదాన్ని.

"చిన్నాయనా, సముద్రం నీళ్లు ఏం రుచి ఉంటాయి?"

"సరుకు రుచి ఉంటాయి."

"చెమటో?"

"సరుకు చెమట. పో, పోయి పండుకో."

"పొద్దున మనం మడుల్లో ఏం ఎత్తుకున్నాం?"

"ముందు నిన్నెత్తి ఆ పర్రలో పారేస్తా, ఆగు." తరుముకుంటూ వచ్చేవాడు. ఒక్కసారి కూడా చిక్కలేదు మహానుభావుడు.

*

ఆ ఏడు మాత్రం ఆయన ఆటలకు సరిగ్గా రాలేదు. కొండకు మందు పెట్టి పేలుస్తున్నారు, లారీల రోడ్డు వేస్తున్నారు. మేం పర్రల్లో నడుస్తుంటే ఎక్కడో ధమ్మని వినపడేది. ఎద్దులు చెవులు రిక్కించేవి. జేజి ఉమ్మేసి నడిచేది.

"లారీ అంటే మనం పోయినంత దూరం పూటలో పోతది అమా" అన్నాడు చిన్నాయన ఓ మధ్యాహ్నం సంగటి తింటూ. "మన సరుకు ఎవరికి గావాల? ఎద్దుల్ని అమ్మేద్దాం. రోడ్డు పక్కన పాక వేసుకుని టీ అంగడి పెట్టుకుందాం. ఈ పిల్ల బడికి పోతది."

"పాకలో కూసోని ఏం జెయ్యాల నేను?"

"కూసోవడమే. అందరూ అదే గదా జేస్తాండారు."

"కూసోని తింటే నాకరగదు."

ఆయన ముద్ద పక్కన పెట్టి తన పాదాలు చూపించాడు. మడమలు పగిలి నెర్రెలిచ్చాయి, అందులో ఉప్పు దూరి ఎర్రగా ఉన్నాయి. "నా కాండ్లు సూడమా ఒకసారి" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. అలిసిపోయాడు.

జేజి చుట్ట నేలకు రుద్ది ఆర్పింది. తర్వాత అందరికీ వినపడేలా అంది. "సరే, ఇను. ఈ తూరి ఉప్పు కొండ దాటి జొన్నలైతే, వచ్చే ఏడు గూడా నడస్తాం. నువ్వు నోరెత్తగూడదు. కాలేదంటావా, ఎద్దుల్ని అమ్ముకో. నేను నోరెత్తను."

అప్పటినుంచి ఆమె నడక మారింది. గంట ముందే లేపేది. ఎద్దుల కంటే ముందు ఆమే ఎగశ్వాసతో నడిచేది. నాకు నవ్వులాటలు మానిపించింది. ఆ ఉప్పు కొండ దాటడమే ఆమెకు బతుకైపోయిందని నాకు కూడా తెలిసింది. నేనూ కంట్లంలో వేలు పెట్టడం మానేశాను. ఒక్క ఉప్పు కల్లు తగ్గినా జేజి ఓడిపోతుందేమోనని.

*

కనుమ సగం ఎక్కాం. ఒక పక్క నిట్టనిలువు రాయి, ఒక పక్క లోయ, మధ్యలో ఎద్దు పట్టేంత దారి. మధ్యాహ్నం దాటాక గాలి ఆగిపోయింది. వాము వాసన, రాతి వాసన ముక్కుల్లోకి కొట్టాయి. నేను వెనక్కి తిరిగి చూస్తే, మేం వచ్చిన వైపు నుంచే, సముద్రం వైపు నుంచే, నల్లగా లేస్తోంది.

జేజి కూడా చూసింది. గొంగళ్లు, ఈతచాపలు, కప్పుకునే దుప్పట్లు, చివరికి ఆమె విడిచీర కూడా తీసి కంట్లాల మీద కప్పించింది. "నడవండి, నడవండి, పైన గుహ ఉండాది" అని అరుస్తూ పోయింది.

గుహ కనపడుతూనే ఉంది, వాన పట్టుకుంది. అకాల వాన, రాళ్లు రువ్వినట్టు కొట్టింది. గొంగళ్లు తడిశాయి, చాపలు తడిశాయి, కంట్లాలు తడిశాయి. ఉప్పు కరిగిపోతుందనుకుంటారు మీరు. ముందు కరగదు. ముందు నీళ్లు తాగుతుంది, తాగి బరువెక్కుతుంది. సంచులు ఉబ్బి ఎద్దుల డొక్కలకు ఆనుకున్నాయి. సంచుల మూలల నుంచి తెల్లని నీళ్లు కారుతున్నాయి.

పెద్దోడు జారుడు బండ దగ్గర ఆగిపోయాడు. వాడి వెనక కాలు ఒకటి జారింది, మళ్లీ పట్టు దొరికింది. మోకాళ్లు గడగడ వణుకుతున్నాయి. వాడు ఆగితే అందరూ ఆగాలి. ముందుకు పోలేం, వెనక్కి తిరగలేం. పొద్దు గూకుతోంది.

చిన్నాయన ముందుకొచ్చాడు, రాతిని కరుచుకుంటూ. "అమా! వాన్ని పక్కకు నూకేద్దాం. ముసలెద్దు అమా వాడు. వాడు దారి ఇడిస్తే కడమ ఎద్దులన్నా గుహకు జేరతాయి. ఏడాది తిండి అమా!"

పక్కకంటే లోయలోకి. నాకు అర్థమై ఏడుపు అందుకున్నాను. పెద్దోడి నుదుటి మీద అద్దంలో నా మొహం, వాన, చిన్నాయన చేతులు కనపడుతున్నాయి. నన్నడిగితే, ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. మనుషులు ఆకలితో చావకూడదనే అన్నాడు. అంగడి పెట్టుకోవాలనుకున్నవాడే ఆ ఉప్పు కోసం ఏడుస్తున్నాడు.

జేజి పెద్దోడి డొక్కకు తన భుజం ఆనించి నిలబడి ఉంది. వాడి బరువంతా తనే మోస్తున్నట్టు. చిన్నాయన వైపు తిరిగి, కొండ అదిరేలా అరిచింది.

"ఎవరి ఉప్పు తినిండావురా నువ్వు? పుట్టినకాణ్ణుంచి ఎవరి ఉప్పు తింటాండావు?"

ఎవ్వరం కదల్లేదు. అనేసింది. సామెతలో కూడా రానివ్వని మనిషి, దీపం వేళ, కనుమ మధ్యలో, రెండుసార్లు అనేసింది. ఆమె చెయ్యి నోటి మీదికి పోయింది. నేను ఆమె మొహంలో భయం చూడటం అదే మొదలు, అదే కడ.

తర్వాత ఆ చెయ్యి మెల్లగా దిగింది. నడుం దగ్గర కొడవలి తీసింది. తల పైకెత్తి ఆ నల్లటి ఆకాశం వైపు చూసింది.

"ఇనపడినాది గదా? ఇంగేంది దాచేది?" అంది. అని, గొంతెత్తి పిలిచింది. "ఉప్పూ! ఓ ఉప్పూ! మీయమ్మ వచ్చిండాది, పో! పో నాయనా, మీయింటికి నువ్వు పో!"

పెద్దోడి కంట్లం తాళ్లు సర్రున కోసింది. అటు సంచి లోయలోకి, ఇటు సంచి రాతి మీదికి. వాడు ఒక్కసారి ఊపిరి వదిలాడు, అది నా మొహానికి వెచ్చగా తగిలింది. జేజి వెనక ఎద్దు దగ్గరికి పోయింది. కోసింది, పిలిచింది. మరో ఎద్దు. కోసింది, పిలిచింది. "సగమన్నా ఉంచమా" అని చిన్నాయన కాళ్లు పట్టుకున్నాడు. "తాళ్లు కొయ్యిరా, ఇంకా నాలుగు కాండ్లు వణకతాండాయి" అంది. ఆయన బావురుమంటూ లేచి తనూ కోశాడు. మా వాళ్లందరూ ఏడుస్తూ కోశారు. ఏడుస్తూ ఆ మాటే పిలిచారు. ఆ సాయంత్రం కనుమంతా ఉప్పు, ఉప్పు అని మోగింది.

ఒక్క ఎద్దూ పోలేదు. ఉత్త వీపులతో జారుడు బండ దాటి గుహకు చేరాయి.

తెల్లారి ఎండ కాసింది. ఏం ఎండ, ఏమీ ఎరగనట్టు! బయటికొచ్చి చూస్తే దారి పొడవునా రాళ్లు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. పెద్దోడు ఒక రాయి దగ్గర నిలబడి, తను మోసుకొచ్చిన బరువును తాపీగా నాకుతున్నాడు. జేజి వాణ్ణి చూసి నవ్వింది. నవ్వుతూ అక్కడే కూలబడింది. ఆ దారిలో ఆమె కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

*

మాట ప్రకారం ఎద్దుల్ని అమ్మారు. పెద్దోణ్ణి మాత్రం చిన్నాయనే అమ్మనివ్వలేదు, జేజి అడక్కముందే. రోడ్డు పక్కన పాక వేశాం, టీ అంగడి పెట్టాం. నేను బడికి వెళ్లాను. చెప్పొద్దూ, నాకు చదువు భలే రుచించింది. ఆ వాన పడకపోతే నేను పంతులమ్మనయ్యేదాన్ని కాదు, నా కొడుకు నర్సయ్యేవాడు కాదు, నేనీ చలిదేశంలో హీట్ పంపు ముందు కూర్చుని ఇదంతా రాసేదాన్నీ కాదు. ఆ సంగతి తెలుసు కాబట్టే ఎవరినీ తిట్టలేను. అయినా ఆ దారి మీద బెంగ తీరదు, ఏం చెయ్యను?

జేజి మాటకు కట్టుబడింది, నోరెత్తలేదు. కానీ కాలు నిలవలేదు. లారీ హారన్ వినపడితే లేచి నిలబడేది. అంగడి చుట్టూ తిరిగేది. ఎండాకాలం వస్తే పెద్దోణ్ణి తోలుకుని, వాడి వీపు మీద ఏమీ లేకుండానే, కనుమ మొదటిదాకా పోయి తిరిగొచ్చేది. "యాడికి పోయినావు జేజీ?" అంటే "యాడికీ ల్యా. వానికి దారి మర్సిపోతదని" అనేది.

ఇంకోటి. ఆ సాయంత్రం తర్వాత ఆమె ఉప్పు తినలేదు. సంగటి చప్పగానే తినేది. పగలైనా సరే, ఆ పేరే ఎత్తేది కాదు. రోజూ పొద్దు గూకే వేళకు మాత్రం అంగట్లో డబ్బాలోంచి గుప్పెడు తీసుకుని పాక వెనక్కి పోయేది. అరచేయి చాపితే పెద్దోడు గరుకు నాలుకతో నాకేవాడు. నేను గుంజ చాటున నిలబడి చూసేదాన్ని. ఒకరోజు ఉండబట్టలేక, చిన్నాయనతో ఆడిన పాత ఆటే మొదలుపెట్టాను.

"జేజీ, వానికి ఏం పెడతాండావు?"

నా వైపు తిరగలేదు. వాడి గంగడోలు నిమురుతూ అంది.

"ఏమో మే. వాడు మోసినప్పుడు తెలిసేది. ఇప్పుడు నాకు దాని పేరు తెలీదు."

నేను పాక లోపలికి పరిగెత్తిపోయి చాపలో మొహం దాచుకున్నాను. తర్వాత ఆ ఆట ఎవరితోనూ ఆడలేదు. పెద్దోడు పోయాక ఆమె ఎక్కువ కాలం ఉండలేదు.

*

ఈ సాయంత్రం వంటింట్లో మిగిలినవి సర్దుతున్నాం. కిటికీలోంచి డునెడిన్ గుట్టల మీద దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. మా కోడలు ఆఖరి పెట్టెకు టేపు వేస్తూ ఆగింది.

"అత్తయ్యా, ఆ బుట్టలోది లారీలో పంపించలేదు కదా? కొత్తింట్లోకి ముందు అదే తీసుకెళ్లాలంట, మా అమ్మ మరీమరీ చెప్పింది."

"లేదమ్మా, కార్లో నా ఒళ్లో పెట్టుకుంటాను" అన్నాను. అన్నాక నాకే నవ్వొచ్చింది. మళ్లీ మోస్తున్నాను. కొండలూ, ఆ తర్వాత సముద్రం మీద ఫెర్రీలో కూడా. దాన్ని దాని అమ్మ మీదుగానే తీసుకుపోతాను, చూసుకుందాం.

నా కొడుకు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆదివారం నుంచీ వాడు నన్ను కొత్తగా చూస్తున్నాడు. "అమ్మా, టౌరంగాలో కూడా పక్కనే కొండ ఉందిలే. రోజూ తిరుగుదువుగాని" అన్నాడు. సెటిల్ అన్న మాట అనలేదు. నేను వాడి వీపు మీద ఒక్కటి చరిచాను, గట్టిగానే. కళ్లలో నీళ్లు కనపడనివ్వడం నాకిష్టం ఉండదు.

అప్పుడు వచ్చింది మనవరాలు, మొహమంతా అమాయకత్వం పులుముకుని. బల్ల మీద ఉన్న తెల్ల పొట్లం రెండు చేతులతో ఎత్తి నా మొహం ముందు పట్టింది. కిటికీ వైపు ఓసారి చూసింది, చీకటి పడిందో లేదోనని.

"జేజీ," అంది, నవ్వు ఆపుకోలేక పెదవి కొరుక్కుంటూ, "తెలుగులో దీన్ని వాట్ డు యూ కాల్ ఇట్?"

దాని చెవి పట్టుకుని మెలిపెట్టాను, నొప్పి పుట్టకుండా.

"పొద్దున చెప్తానే. దారిలో."